నాలుక మాస్టారూ, మూడు డబ్బాలూ

ఆ ఉదయం నాలుక మాస్టారికి ఉన్న కార్యక్రమం ఒక్కటే. కిటికీ పక్కన వాలుకుర్చీలో కూర్చుని, మందుసీసా మూతంత గిన్నెలోని పల్చటి సూపుని చెంచాతో చప్పరిస్తూ మధ్యాహ్నం దాకా లాగడం. బరువు తగ్గడానికి ముప్పాతిక కడుపు కోయించుకుని ఇంటికొచ్చిన మనిషికి అదే విందని డాక్టరు చెప్పాడు. చెప్పాడే గాని, ఆ విందుకి ఆయన రాలేదు.

మన మాస్టారు పాఠాలు చెప్పే మాస్టారు కాదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం. ఆయన నాలుక ఊఁ అంటేనే సరుకు గేటు దాటేది. ఆ నాలుక సంపాదించిన బరువు మోయలేమని మోకాళ్ళు మొరపెట్టుకుంటే ఈ ఆపరేషను తప్పలేదు. ఆఫీసులో మాత్రం పిత్తాశయంలో రాళ్ళని చెప్పి సెలవు పెట్టాడు. తినడమే ఉద్యోగమైనవాడు కడుపు కోయించుకున్నాడని తెలిస్తే యజమాని దణ్ణం పెట్టి ఇంట్లో కూర్చోమంటాడని భయం. ఇంకో భయం భార్యకి కూడా చెప్పలేదు. ఆపరేషను అయినప్పటి నుంచి మంచినీళ్ళు తాగినా ఇనపమేకు నాకినట్టుంది.

ఆయన ఎదుట ఎవరూ తినకూడదని ఇంట్లో కట్టుబాటు. అందుకని భార్య మేడమెట్ల మీద, అత్తగారు బట్టలుతికే గదిలో తలుపేసుకుని తింటున్నారు.

"నాకసలు ఆకలే ఉండట్లేదు అల్లుడుగారూ" అంటూ అత్తగారు మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోను మోగింది. యజమాని.

"మాస్టారూ, మా నాన్నగారు మొదట్లో చేసిన బిస్కెట్టుని మళ్ళీ తెస్తున్నాం. డ్రైవరుతో మూడు డబ్బాలు పంపా. పాత రుచి దేనికొచ్చిందో చెప్పండి. ఆ రుచి ఎరిగిన నోరు కంపెనీలో మీదొక్కటే మిగిలింది. మధ్యాహ్నం నేనే వస్తా, పలకరించినట్టూ ఉంటుంది."

డబ్బాలు రానే వచ్చాయి. మాస్టారు వాటి వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన తండ్రి ఆ ఫ్యాక్టరీలోనే మూటలు మోసేవాడు. సాయంత్రం వస్తూనే ఖాకీ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసేవాడు. అందులో అమ్మకానికి పనికిరాని ముక్కలు. చెల్లీ తనూ గుమ్మం మెట్టు మీద కూర్చుని, ముక్క నోట్లో కరిగేదాకా మాట్లాడకూడదని పందెం వేసుకునేవారు. చెల్లి ఫక్కున నవ్వి ఓడిపోయేది. మాస్టారికి ఇప్పుడు ఆ మెట్టు గుర్తొస్తోంది, నాన్న చొక్కా గుర్తొస్తోంది, చెల్లి ఊడిన ముందుపన్ను గుర్తొస్తోంది. రుచి మాత్రం ఎంత పిలిచినా రావడం లేదు.

బిస్కెట్టు ముట్టుకుంటే కుట్లు ఊడతాయి, ముట్టుకోకపోతే ఉద్యోగం ఊడుతుంది. చివరికి అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఎలా ఉంది అత్తయ్యగారూ?"

"బావుంది నాయనా."

"రెండోది?"

"అదీ బావుంది."

"అలా కాదు. వెన్న ముందొచ్చిందా, పంచదార ముందొచ్చిందా?"

"రెండూ ఒకే బండిలో వచ్చాయి."

ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా పొడి అల్లుడి దుప్పటి మీద రాలుతోంది. లాభం లేదని భార్యని పిలిచాడు. ఆవిడ కళ్ళు మూసుకుని శ్రద్ధగా నమిలింది.

"మొదటిది పెళ్ళైన కొత్తలో మీలా ఉంది. పట్టుకుంటే విరిగిపోయేలా."

"రెండోది?"

"మొన్నటిదాకా మీలా."

మూడోది అడిగే ధైర్యం చాలక మాస్టారు ఆగిపోయాడు. అంతలో గంట మోగింది. కట్టు మార్చే నర్సు కిటికీలోంచి కనిపించింది.

ఇంట్లో బిస్కెట్లు ఉన్నాయని తెలిస్తే నర్సు ఊరుకోదు. అత్తగారు చటుక్కున మూడు డబ్బాలూ ఎత్తుకెళ్ళి, పొయ్యి మీదున్న ఖాళీ గిన్నెలో గుమ్మరించి మూత పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. డబ్బాలు దాచింది కానీ దుప్పటి దాచలేదు.

"ఎన్ని తిన్నారు?" అంది నర్సు.

"ఒక్కటీ తినలేదమ్మా."

"మరి ఈ పొడి?"

"మా అత్తయ్యగారిది."

"ఆవిడ పొడి మీ ఒళ్ళోకెందుకొచ్చింది?"

"ఆవిడ వివరంగా చెబుతుంది."

"ఆయన ముట్టలేదమ్మా, ఆయన బదులు మేం తిన్నాం" అంది భార్య.

"అన్నిళ్ళలోనూ ఇదే చెబుతారు. ముప్పాతిక కడుపు తీసేసినవాళ్ళు బిస్కెట్లు తింటారా ఎవరైనా?"

"కడుపా? రాళ్ళన్నారుగా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ యజమాని.

మాస్టారికి తేలు కుట్టినట్టయింది. "రాళ్ళు కూడా ఉన్నాయి సార్" అన్నాడు.

"కాఫీ పెడతానుండండి" అంటూ భార్య వంటింట్లోకి పరిగెత్తింది. పొయ్యి మీద మూతపెట్టిన గిన్నె కనపడగానే అమ్మ కాఫీకి నీళ్ళు పెట్టేసిందనుకుని వెలిగించి, మొగుణ్ణి కాపాడుకోవడానికి మళ్ళీ పరిగెత్తుకొచ్చింది.

యజమాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పోనీ, ఏ డబ్బాయో చెప్పండి మాస్టారూ."

మాస్టారు కాసేపు దుప్పటి మీద పొడి దులుపుకున్నాడు.

"చెప్పలేను సార్. నీళ్ళు కూడా ఇనుములా ఉన్నాయి. ఆ రుచి నా నోట్లోంచి పోయింది. మీరు ఇంకెవరినైనా చూసుకోండి."

అప్పుడే వంటింట్లోంచి సన్నగా పొగ వచ్చింది. మాస్టారి ముక్కుపుటాలు కదిలాయి. నర్సు వద్దంటున్నా గోడ పట్టుకుని లేచాడు. నాన్న చొక్కా జేబు అచ్చం ఇలాగే వాసనొచ్చేది.

"ఇదే సార్."

యజమాని అప్పటికే వంటింట్లో ఉన్నాడు. మూత తీసి, అంచు నల్లబడిన ముక్క ఊదుకుని కొరికాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. పొగ కూడా బాగానే ఉందిలెండి.

"మా నాన్న మంచి సరుకు ఇంటికి తెచ్చి ఎరగడు మాస్టారూ. మాడినవే మాకు పెట్టేవాడు."

"మా నాన్నకీ అవే ఇచ్చేవారు సార్."

ఇద్దరూ గిన్నె ముందు చిన్నపిల్లల్లా నిలబడ్డారు.

"అమ్మా, మూడు డబ్బాలూ కలిపేశావా?" అంది భార్య తల పట్టుకుని.

"ఏదైతేనేం తల్లీ, మాడితే చాలు" అన్నాడు యజమాని. "మాస్టారూ, ముక్కుకేం ఆపరేషను చెయ్యలేదుగా? అయితే నయమయ్యాకే రండి. వాసన చూస్తే చాలు, తినక్కర్లేదు."

యజమాని ఫోను తీసి ఇంజనీరుకి చెబుతున్నాడు: "ఆ కొత్త ఓవెన్ని కాస్త పాడుచెయ్యాలి. అవునయ్యా, కావాలనే."

అత్తగారు కూతురి చెవిలో అంది: "నీ చిన్నప్పుడు మేం కొనుక్కున్న పొట్లాల్లో ఒక్కటీ మాడి ఉండేది కాదే."

ఆవిడ కేవలం డబ్బిచ్చి బిస్కెట్లు కొన్న మనిషి కాబట్టి ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.