డ్రమ్‌షానా బస్టాపు ప్రారంభోత్సవం, తదనంతర పరిణామాలు

ప్రజాస్వామ్యంలో బస్సు కంటే బస్టాపే ముఖ్యమని ఈ ఏడాది మా కౌంటీ యావత్ ఐర్లండుకూ నిరూపించింది.

జనవరిలో మా డ్రమ్‌షానాలో ఉండే బ్రీజ్ మెకెవిట్‌కి పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. కంట్లో శుక్లాల ఆపరేషన్ కోసం ఆవిడ మూడేళ్లుగా వరసలో ఉంది. జూలై ఆఖరి సోమవారం మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నారు. ఆసుపత్రి అరవై కిలోమీటర్లు, మా ఊరికి బస్సు లేదు. చూపు ఆనడం లేదని ఆవిడ లైసెన్సు అప్పటికే తీసేసుకున్నారు. (చూపు బాగున్నవారు ఆపరేషన్‌కి సొంత కార్లో రావచ్చును.)

మార్చిలో మంత్రికి మొరపెట్టుకుందామంటే, సెయింట్ పాట్రిక్ జాతీయ పండుగకని మంత్రులందరూ ఐర్లండు గొప్పతనం చెప్పడానికి విదేశాలు వెళ్లారు. ఐర్లండులో వినడానికి ఎవరూ మిగల్లేదు.

మేలో కౌన్సిల్ ఎన్నికలు. అభ్యర్థి ఫింటన్ డర్కన్ ఆవిడ వంటింట్లో రెండు కప్పుల టీ తాగి అభయమిచ్చాడు.

"బస్సు వేయిస్తా పిన్నీ. ముందు బస్టాపు."

"బస్సంటూ వస్తే గోడ పక్కనైనా నిలబడతాను నాయనా. బస్టాపెందుకు?"

"మరి వచ్చిన బస్సు ఎక్కడాగుతుంది? నువ్వే చెప్పు."

ఆవిడ కప్పులు కడగడానికి లేచింది.

పదకొండు రోజుల్లో బస్టాపు లేచింది. అద్దాల గోడలు, బెంచీ, 'తర్వాతి బస్సు 14 నిమిషాల్లో' అని వెలిగే బోర్డు. ఫింటన్ రిబ్బను కత్తిరించాడు, గెలిచాడు. బస్సు రెండో దశలో వస్తుందన్నాడు. జూన్ అంతా ఆ బోర్డు పద్నాలుగు దగ్గరే ఉంది. చూపున్నవాళ్లు దాన్ని నమ్మి నిలబడేవారు. బ్రీజ్‌కి కనపడదు కనుక మోసపోలేదు.

జూలైలో మా కౌంటీ ఫుట్‌బాల్ జట్టు యాభై రెండేళ్ల తర్వాత కప్పు గెలిచింది. ఊరేగింపు ఆ సోమవారమే. టాక్సీలూ ఇరుగుపొరుగూ అంతా పట్నం వెళ్లిపోయారు. బ్రీజ్ చేతిసంచీతో బస్టాపులో నిలబడింది. ఏదో పెద్ద ఆకారం వస్తున్న చప్పుడైతే చెయ్యి చాపింది. డ్రైవరు అలవాటు కొద్దీ బ్రేకేశాడు.

"పెద్దాసుపత్రికి పోతుందా?"

"ఇది జట్టు బస్సు అత్తా!" పై అంతస్తు నుంచి కెప్టెన్ కోర్మాక్ అరిచాడు. "ఎక్కు, ఎలాగోలా చేరుస్తాం!"

ఆవిడ ఉచిత ప్రయాణ పాసు చూపించి మరీ ఎక్కింది.

ఆసుపత్రి దారిలో, పట్నం నడిబొడ్డున ఇరవై వేల మంది అడ్డం. "ఎవరి దగ్గరైనా కారుందా? ఈవిడకి ఆపరేషన్!" అని కోర్మాక్ గొంతు చించుకున్నాడు. జనం జేజేలు కొట్టారు. ఫింటన్ ఆవిణ్ణి వేదిక ఎక్కించి, చెయ్యి పైకెత్తి, "రెండో దశ మొదలైంది!" అని ప్రకటించాడు.

"టైమెంతైంది బాబూ?"

"మూడున్నర, అత్తా." కోర్మాక్ తల దించుకున్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. చూసినవాళ్లు కప్పు వచ్చినందుకే అనుకున్నారు.

అక్టోబరులో రవాణా నివేదిక వెలువడింది. డ్రమ్‌షానా ప్రయాణికుల సంఖ్య సున్నా నుంచి ఒకటికి పెరిగింది. ఇంతటి వృద్ధిని శాతాల్లో చెప్పడానికి గణితం చాలలేదు. లక్ష్యం నెరవేరింది కాబట్టి బస్సు అక్కర్లేదని తేల్చారు. అనుమతి లేని చోట బస్సు ఎలా ఆగిందో తేల్చడానికి మాత్రం విశ్రాంత న్యాయమూర్తితో విచారణ వేశారు. (గడువు నాలుగేళ్లు.)

డిసెంబరులో తన ఫొటో ఉన్న క్యాలెండరు పంచుతూ ఫింటన్ వచ్చాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం చదివి పెట్టమంది బ్రీజ్.

"మీరు రానందున పేరు తొలగించాం. అభ్యంతరముంటే వెనకవైపు నిబంధనలు చూడగలరు," అని చదివి, కాగితం తిప్పి, దీపం దగ్గరికి తీసుకెళ్లాడు.

"అబ్బ, అక్షరాలు మరీ చిన్నవి పిన్నీ," అన్నాడు బాధగా. "పెద్దవి చేయిస్తా. మాటిస్తున్నా."