ప్రజలకు అంకితమైన ఇల్లు

ఆ శనివారం పొద్దున సత్యవేదం తలపెట్టింది చిన్న పనే. ద్వీపానికి వలస వచ్చిన నాటి నుంచి అద్దెగదిలో ఇరుక్కుని, పైసా పైసా కూడబెట్టి ఆస్టినాబాద్‌లో కట్టుకున్న ఇంటికి ప్రతిష్ఠ ప్రార్థన చేయించాలి, వచ్చినవాళ్లకు భోజనం పెట్టాలి, సాయంత్రానికి సామాను తెచ్చుకోవాలి.

"రిబ్బను మా చిన్నాన్న చేత కత్తిరింపిద్దామండీ. ముచ్చటపడుతున్నాడు," అంది భార్య ప్రేమావతి.

ఆ చిన్నాన్న జీవానందంగారు విశాఖ ఓడలో చుట్టపుచూపుగా వచ్చిన మాజీ మంత్రి. ఆంధ్రాలో మూడు శాఖలు చూసినా ఏ కుర్చీలోనూ ఏడాది నిలవలేదు. పదవి పోయినా, రిబ్బను కనబడితే ఆయన చెయ్యి, జనం కనబడితే నోరు ఊరుకోవు.

రిబ్బను బాగానే తెగింది. అందరూ కళ్లు మూసుకుని తలలు వంచారు. ప్రార్థన చివర పాస్టరుగారు ఊపిరి కోసం ఆగారో లేదో, జీవానందంగారు అందుకున్నారు.

"ఈ భవనాన్ని ప్రజలకు అంకితం చేస్తున్నాను."

"ఆమేన్," అంది సంఘమంతా. అందరికంటే గట్టిగా అన్నది సత్యవేదమే. అన్నాక గానీ దేనికన్నాడో తట్టలేదు.

"మావయ్యగారూ, ఇది మా ఇల్లండీ."

"అలవాటయ్యా. ఏది తెరిచినా ఆ మాటే అనేవాణ్ణి."

సత్యవేదం పాస్టరుగారి దగ్గరకు పరుగెత్తాడు. "నా మనసులో ఏముందో దేవుడికి తెలియదాండీ?"

"దేవుడికి తెలుసు నాయనా. ఆమేన్ విన్నది జనం."

భోజనాలు ముగిసేలోగా ముందుగది సండే స్కూలుకు పోయింది. స్త్రీల సమాజం వంటింట్లో గిన్నెలు సర్దేసుకుంది. పక్కింటి జాలరి నూకన్న వలల మోపుతో మెట్లెక్కుతున్నాడు.

"మేవూ పెజలమే గదేటి భయ్యా. డాబా ఖాళీగానే ఉంది. వలలు ఆరేసుకుంతాం."

"మరి మా సామాను ఎక్కడ పెట్టుకోను?" అంది ప్రేమావతి.

"పెజల్ని అడగాల, దీదీ."

సత్యవేదానికి ఒళ్లు మండింది. "తెరిచింది మీరు. మూసేదీ మీరే," అన్నాడు జీవానందంగారితో.

"అంతేనా? కమిటీ వేద్దాం. నా హయాంలో కమిటీ వేసిన పని ఒక్కటీ ముందుకు కదల్లేదు," అన్నారాయన గర్వంగా.

అధ్యక్షుడెవరన్న మాట రాగానే సండే స్కూలుకీ స్త్రీల సమాజానికీ చెడింది. వాళ్లిద్దరికీ నూకన్నతో చెడింది. అందరూ ఎవరి గిన్నెలు, ఎవరి వలలు వాళ్లు పట్టుకుని ఇళ్లకు పోయారు. సత్యవేదం మోకరించి దేవుణ్ణి స్తుతించాడు. లేచి చూస్తే ముందుగదిలో జీవానందంగారి ట్రంకుపెట్టె ఉంది.

"ఎన్నిక తేలేదాకా తాత్కాలిక అధ్యక్షుణ్ణి నేనే. ఓడ టికెట్టు వాపసు చేయమని కబురంపాను. కాస్త టీ పెట్టించు."

ఆ ఎన్నిక నేటికీ వాయిదాల్లోనే ఉంది. ఏడాది దాటి నిలిచిన పదవి జీవానందంగారికి ఇదొక్కటే.