బి-సైడ్ పాటలో మూడు దెబ్బలు

“ఈ లోకంలో నేరస్థులు రెండు రకాలు,” అన్నాడు పెద్దన్న నల్ల కళ్లద్దాలు సవరించుకుంటూ. “నాకు దొరికినోళ్లు, నాకు దొరకబోయేటోళ్లు.”

“ఇంతవరకు ఎంతమంది దొరికినారన్నా?” అని అడిగింది పాటలు రికార్డు చేసే శిల్ప, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

“మొదటి రకం ఇంకా మొదలుకాలేదులేమ్మా.”

శ్రీకాంత్ తల పట్టుకున్నాడు. పెద్దన్న అతని పెదనాన్న చెన్నయ్య కొడుకు. మార్కాపురంలో చెన్నయ్యకున్న రాతిపలకల గోడౌన్‌లోనే శ్రీకాంత్ వాళ్ల ‘నల్లపలక’ బ్యాండ్ పాటలు రికార్డు చేసుకుంటోంది. గోడౌన్ ఇచ్చేటప్పుడు పెదనాన్న పెట్టిన షరతు ఒక్కటే: “మావాణ్ని కాపలాకు కూర్చోబెట్టుకోండి. ఇంట్లో ఉంటే వాళ్లమ్మను కూడా అనుమానిస్తాండాడు.” అందుకని మొదటి రోజు నుంచీ పెద్దన్న పలకల దొంతర్ల వెనక మాటువేసి కూర్చుంటున్నాడు. ఎవరికోసం మాటు అంటే, అది నేరం జరిగాక తెలుస్తుందంటాడు.

నేరం జరగనే జరిగింది.

బెంగళూరులోని ఒక చిన్న కంపెనీ వీళ్ల పాటలు రెండు తీసుకుని, పాతకాలం పద్ధతిలో నల్లటి రికార్డు వేస్తానంది. ముందు వైపు పాట సురేష్‌ది. వాడే పాడతాడు, వాడే గిటారు వాయిస్తాడు, జనం వాడినే చూస్తారు. వాడి పాట ఎప్పుడో వెళ్లిపోయింది. వెనక వైపు, అంటే బి-సైడ్, శ్రీకాంత్‌ది. ఇన్నేళ్లూ బేస్ గిటారు పట్టుకుని చీకట్లో నిలబడ్డవాడు రాసిన మొట్టమొదటి పాట. ఇవాళ సాయంత్రంలోగా పంపకపోతే వెనక కూడా సురేష్ పాటనే, గొంతు తీసేసి ఉత్త వాయిద్యాలతో వేసేస్తారట.

పాట బోరు గురించి. వెలిగండ్ల దగ్గర చేలో నాయన మళ్లీ బోరు వేయించిన రోజున రాసుకున్నాడు. బోరుబండిలాగా డ్రమ్ములూ గిటార్లూ మోగి మోగి, నడిమధ్యలో టక్కున ఆగిపోతాయి. బండి ఆపి, గొట్టంలో గులకరాయి వేసి, నీళ్లు పడ్డాయా లేదా అని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించే నిశ్శబ్దం అది. పాట ప్రాణమంతా అక్కడే ఉంది.

సరిగ్గా అక్కడే, రికార్డు చేసిన ప్రతి టేకులోనూ, టంగ్ టంగ్ టంగ్ అని మూడు దెబ్బలు వినబడుతున్నాయి.

“ఉండనీలేరా,” అన్నాడు సురేష్. “వెనక వైపు పాట ఎవడు తిరగేసి వింటాడు?”

ఆ మాట శ్రీకాంత్‌కు చురుక్కుమంది. జవాబు చెప్పబోయేలోగా పెద్దన్న దొంతర వెనక నుంచి లేచాడు.

“ఎవరూ గడప దాటొద్దు! ఇది కుట్ర! ఖాలిద్, చేతిలో ఏంది అవి?”

“డ్రమ్ము పుల్లలన్నా.”

“ఆయుధంతో సహా దొరికినాడు!”

“అరె భాయ్, డ్రమ్ములు కొట్టేవాడి చేతిలో పుల్లలు కాకుండా గరిటె ఉంటాదా?”

పెద్దన్న కాసేపు గడ్డం నిమురుకున్నాడు. “అయితే ఇది గిద్దలూరు బ్యాండోళ్ల పని.”

“వాళ్లు విడిపోయినారు కదన్నా,” అన్నాడు శ్రీకాంత్. “అందరూ ఇప్పుడు పెండ్లి ఫోటోలు తీస్తాండారు.”

“అట్లని మనల్ని నమ్మించినారు!”

అని, వాళ్లమ్మ పౌడర్ డబ్బా బయటికి తీసి గోడౌన్‌లో పలకలన్నిటి మీదా గుప్పించాడు. వేలిముద్రల కోసమట. నల్లటి పలకలన్నీ పెళ్లికూతుళ్లయ్యాయి. గోడౌనంతా మల్లెపూల వాసన. ఖాలిద్ వరసగా తుమ్మాడు.

“ఇప్పుడు వాయించండి. వల పన్నినాను.”

వాయించారు. పాట ఆగింది. టంగ్, టంగ్, టంగ్.

“కదలొద్దు! ముద్రలు పడినాయి!” అంటూ పెద్దన్న బయటికి దూకి, ఆ ఆనందంలో నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. నుదుటి మీద తెల్లటి చారలు నాలుగు పడ్డాయి. అందరూ ఆ చారల్ని చూశారు. తర్వాత అతని వేలి కణుపుల్ని చూశారు. అరచేతులకు లేని పౌడర్ కణుపులకే అంటుకుని తెల్లగా మెరుస్తోంది.

పలకల ఇంట్లో పుట్టినవాడి చెయ్యి ఊరుకోదు. కణుపుతో కొట్టి చూస్తే మంచి పలక టంగుమంటుంది, బీటవారింది డబ్‌మంటుంది. తాత కొట్టాడు, తండ్రి కొట్టాడు, పెద్దన్న అన్నం పెట్టకముందు కంచాన్ని కూడా కొట్టి చూస్తాడు. పాట మోత ఆగీ ఆగగానే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

“నీకు వినబడనే లేదా అన్నా?” అన్నాడు శ్రీకాంత్, ఏడవాలో కొట్టాలో తెలియక.

“వినబడింది. మంచి పలకలే అనుకున్నా.” పెద్దన్న తన చేతిని ఎగాదిగా చూసుకున్నాడు. వెంటనే తేరుకుని ఛాతీ విరుచుకున్నాడు. “చూసినారా? నేరస్థుణ్ని మొదటి నుంచీ ఒక్క క్షణం కూడా వదిలిపెట్టలేదు!”

“ఇంక ఒక్క టేకుకే టైముంది,” అంది శిల్ప.

ఖాలిద్ గిటారు వైరుతో పెద్దన్న చేతులు వెనక్కి విరిచి కట్టి స్టూలు మీద కూర్చోబెట్టాడు. పాట మొదలైంది. చేతులకు పని లేకపోయేసరికి పెద్దన్న మొదటిసారి చెవులు పెట్టి విన్నాడు. పాటలోని మనుషులు, పుస్తెలు తాకట్టు పెట్టిన అమ్మ, గొట్టం పక్కన గొంతుక్కూర్చున్న నాయన, అందరూ ఒకరి తర్వాత ఒకరు అతని కళ్ల ముందుకు వచ్చినట్టున్నారు. మెల్లగా నోరు తెరుచుకుంది. పాట ఆగింది. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

“నీళ్లు పడినాయారా?” అన్నాడు పెద్దన్న, ఆదుర్దాగా.

శ్రీకాంత్ తీగ మీటాడు. డ్రమ్ములు అందుకున్నాయి. పాట పూర్తయింది.

“మళ్లీ చేసే టైం లేదు,” అంది శిల్ప నిట్టూర్చి. “ఆ మాట కోసేస్తా.”

“వద్దు,” అన్నాడు శ్రీకాంత్. “వినేవాడు ఆ మాట అడగాలనే ఈ పాట రాసినా.”

సురేష్ తల వంచుకుని గిటారు తీగలు సవరించుకోసాగాడు.

“అది సరే, పడినాయా లేదా చెప్పి చావవేందిరా!” అని స్టూలు మీంచి అరిచాడు పెద్దన్న.

“పడలేదన్నా.”

పెద్దన్న కట్టేసిన చేతులతోనే లేచి నిలబడ్డాడు. పౌడర్ చారల మధ్య అతని కనుబొమలు ముడిపడ్డాయి.

“మరి ఆ నీళ్లు ఎవరు ఎత్తుకపోయినారు? చేతులిప్పరా, పోయి పట్టుకుందాం.”

శ్రీకాంత్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని పాట పంపించాడు.