ఒక్కపూట జపానోడు

"సిరిసిల్ల గడప తొక్కకుండ ఇక జపాన్ బతకలేదు" అని పరిశ్రమల మంత్రి అర్జున్ రావు గారు కోరుట్ల సభల ప్రకటించిండు. అంత పెద్ద దేశానికి గింత తిప్పలొచ్చినందుకు విన్నోళ్లందరు అయ్యో అనుకున్నరు. ఎల్లుండి జపాన్ బట్టల కంపెనీ పెద్దాయన వస్తడు, బట్ట నేసే సాంచెలు చూస్తడు, సంతకం పెడతడు. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాంక ఫ్లెక్సీలు లేచినయి. వాటి మీద మంత్రిగారు నిలువెత్తు, జపాన్ బొటనవేలంత.

కొమురయ్యకు జపాన్‌తోని పనిలేదు. ఆయన గల్లీల ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఇరవై రోజులాయె. ఇంట్ల నాలుగు సాంచెలు చప్పుడు చేస్తలేవు. ఇంకో పదిరోజులు గిట్లనే ఉంటే వాటిని ఇనుప సామాన్ల కింద తూకానికి ఏసుడే. సభ అయిన తెల్లారి ఎనిమిదో దరఖాస్తు పట్టుకొని మంత్రి దిగిన గెస్ట్ హౌజ్‌కు పోయిండు. ఆడ రేపటి ప్రోగ్రాంకు ట్రయల్ నడుస్తున్నది. అతిథి కుర్చీ ఖాళీగ ఉన్నది.

పరిశ్రమల శాఖ మేడం ప్రియదర్శిని ఆయనను ఎగాదిగా చూసింది. చేతిల ఉన్న అతిథి బయోడేటా చూసింది.

"వయసు యాభై తొమ్మిది, కళ్లద్దాలు, తక్కువ మాట్లాడుతడు. సరిపోయిండు. వచ్చి కూసో పెద్దయ్యా."

"మేడం, నా దరఖాస్తు..."

"తక్కువ మాట్లాడాలని చెప్పిన్నా లేదా?"

"ట్రయల్ అంటే ఆట గాదు, అంత అసలు లెక్కనే నడవాలె" అన్నడు మంత్రి. అసలు సంతకం, అసలు సీలు, అసలు కెమెరా. ప్రోటోకాల్ ప్రకారం అతిథి ముందట మంత్రి ముప్పై డిగ్రీలు వంగాలె. ఢిల్లీ దిక్కు తప్ప వంగని నడుం అది. అయినా రాష్ట్రం కోసం వంచిండు. ఇరవై రెండో డిగ్రీ కాడ పట్టేసింది. ఇద్దరు అటెండర్లు లేపిన్రు. కొమురయ్య పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి ఒక మంత్రి నడినెత్తి చూసిండు. జుట్టుకేసిన రంగు ఆడిదాంక అందలే.

"మీ ఇబ్బందులేందో చెప్పుండ్రి" అన్నడు మంత్రి.

"మా గల్లీల ట్రాన్స్‌ఫార్మర్ కాలింది సారూ. సాంచెలు ఆగినయి."

మంత్రి తెలుగు రానోని లెక్క పక్కన నిలబడ్డ వర్ష దిక్కు చూసిండు. మూడు నెలలు ఆన్‌లైన్ల జపాన్ భాష నేర్చి దుబాసీ కొలువు కొట్టిన పిల్ల. ఆమె గొంతు సవరించింది.

"తమ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని, మరమగ్గాలు ఆగిపోయాయని అతిథిగారు సెలవిస్తున్నారు సర్."

"అరెరె! ఎన్ని రోజులాయె?"

"ఇరవై" అన్నడు కొమురయ్య.

"ఇరవై" అన్నది వర్ష.

"ఇరవై రోజులా!" మంత్రి బల్ల గుద్దిండు. "దేశంగాని దేశం నుంచి వచ్చినోన్ని ఇరవై రోజులు చీకట్ల ఉంచుతరా? మన ఇజ్జత్ ఏం గావాలె?"

ఇరవై నాలుగు గంటలల్ల కొత్తది సాంక్షన్. సంతకం పడ్డది, సీలు పడ్డది, చప్పట్లు పడ్డయి. కాపీ ఒకటి కొమురయ్య చేతిల పెట్టిన్రు. ఇన్నొద్దులు సిరిసిల్లోని లెక్క దరఖాస్తులు పెట్టుడే తను జేసిన తప్పని ఆయనకు అప్పుడు సమజైంది.

తెల్లారి అసలు అతిథి రాలే. హైదరాబాద్‌ల చాయ్ తాగి అటునుంచి అటే విమానమెక్కిండట. మేడం ఏడ్పు మొఖం పెట్టింది. మంత్రిగారు మాత్రం ధైర్యం ఇడువలే.

"ఫోటోలున్నయి, సంతకాలున్నయి. ఇంక మనిషెందుకమ్మా?"

పగటి పన్నెండింటి కల్ల టీవీలల్ల స్క్రోలింగ్ ఉరికింది: జపాన్‌తో చర్చలు సఫలం. మూడు గంటలకు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ లారీ ఎక్కి రానే వచ్చింది. కొమురయ్య గల్లీ మొగదాల్ల ఎదురుంగ నిలబడి చెయ్యెత్తిండు. లారీ హారన్ కొట్టి ముందుకే, మేడిపల్లి దిక్కు పోయింది. జపానోళ్లకని ఆడ రెండు వందల ఎకరాలు ఆపి పెట్టిన్రు. ఆడ తుమ్మలు తప్ప ఏం లేవు. ఇగ ఆ తుమ్మలకు కరెంటు అందుతది.

కొమురయ్య కాగితం పట్టుకొని కరెంటాఫీసుకు ఉరికిండు. ఏఈ సారు దాన్ని బోర్ల తిప్పి, ఎల్లెలుకల తిప్పి చూసిండు.

"సంతకం కరెక్టే. సీలు కరెక్టే. కానీ పెద్దయ్యా, ఇది జపానోళ్లకు వచ్చిన సాంక్షన్. నువ్వు జపానోనివా?"

"నిన్న పొద్దుగూకేదాంక ఉంటి సారూ."

ఏఈ సారుకు నిజంగనే పానం కలుక్కుమన్నది. కాగితం మడిచి ఆయన చేతికే ఇచ్చిండు.

"మరి నిన్ననే రావద్దా?"