కుర్చీగా అనుమతి

చనిపోయినవాళ్లు, తమ దగ్గు రికార్డయిన కచేరీని శ్రవణ శాఖ గదిలో మళ్లీ వేసినప్పుడల్లా వచ్చి చివరి చప్పట్ల దాకా కూర్చుని వెళ్లే ఏర్పాటు ఆ నగరంలో ఎప్పటినుంచో ఉంది. అక్కడ వాళ్లని చూడాలంటే శాఖ అనుమతి కావాలి. రెండు ఫొటోలు, మరణ ధ్రువపత్రం నకలు, దగ్గు ఎన్నో నిమిషంలో ఉందో రాసిన కాగితం జతచేయాలి.

బొడ్డేపల్లి అప్పలస్వామి భార్య కమలరత్నం పోయి ఏడాది దాటింది. ఒక పియానో కచేరీ రికార్డులో, పదకొండో నిమిషంలో ఆవిడ దగ్గు ఉంది. ఆవిడకు పియానో అంటే ప్రాణం. ఆయన పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, రేవులో లారీల కాటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. పియానోని దాని బరువును బట్టి గౌరవించేవాడు. ఆవిడ ఒక్కర్తే వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనని కచేరీలకు వెంట వెళ్లేవాడు. ఇప్పుడు ఆవిణ్ణి ఒక్కసారి చూడాలి. ఆయనకు ఈ లోకంలో వేరే పని మిగల్లేదు.

కౌంటర్లో ఫిలోమినా అనే గుమస్తా హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డంతా విన్నది.

"దగ్గు మీ ఆవిడదే, పేచీ లేదు. పక్కన కూర్చోవాలంటే ఆ రోజు మీరూ విన్నట్టు రుజువుండాలి తాతగారూ."

"నానూ ఉన్నాను కదమ్మా. పదో నిమిషం నుంచి గురక వినబడతాది సూడు. అది నాదే."

"గురక వినడం కిందికి రాదండి."

"లయ తప్పలేదు కదా."

"తప్పలేదు. అయినా రాదు."

"పోనీ, మా ఆవిణ్ణే అడగండి."

"నిన్న పరీక్షకని రికార్డు వేశాం, వచ్చారు. అడిగాం కూడా. సంగీతం మధ్యలో మాట్లాడకండని పెదాల మీద వేలు పెట్టుకున్నారు."

తను ఏడాదిగా ఎవరి కోసం ఏడుస్తున్నాడో ఆ మనిషిని ఈ అమ్మాయి నిన్న టీ తాగుతూ చూసింది. అప్పలస్వామి కౌంటర్ మీదికి వంగాడు.

"ఇంకో దారి నేదా?"

"నిద్రపోయిన భర్తలు హాలు సామాను కిందికి వస్తారు. సామానుగా అయితే రానివ్వొచ్చు. తెరలు అయిపోయాయి. కుర్చీ ఒకటుంది."

"రాసీ."

సంతకం పెట్టిన చోటే ఆయన మోకాళ్లు వంగి, చేతులు కొయ్యబారాయి. ఇద్దరు బంట్రోతులు మోసుకెళ్లి వినే గదిలో వేశారు. రికార్డు మొదలైంది. కమలరత్నం వచ్చి, కొంగుతో ఆయన్ని ఒకసారి దులిపి కూర్చుంది. నలభై ఆరు కిలోలు. లక్ష లారీలు తూచినవాడికి భార్య బరువెంతో అప్పుడే తెలిసింది.

కుర్చీకి మూసుకోడానికి కళ్లు లేవు గనక మొదటిసారి పూర్తిగా విన్నాడు. పియానో మెల్లగా, దిగుడుబావి మెట్లు దిగినట్టు దిగింది. బాగుంది. పదో నిమిషంలో గురక మొదలైంది. అసహ్యంగా ఉంది. లయ కూడా తప్పింది. గుమస్తా మర్యాదకి అని ఉంటుంది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగిన చప్పుడు. వెంటనే కమలరత్నం దగ్గింది. ఆవిడ గొంతులో ఏమీ అడ్డంపడలేదు. గురక వినబడకుండా దాని మీద గట్టిగా దగ్గి, ముందువాళ్లతో "క్షమించండి" అంది.

కచేరీ జరిగిన రోజు ఇంటికి వెళ్తూ ఆయన, "హాల్లో ఆ దగ్గేటి? పరువు తీసీసినావు" అన్నాడు. ఆవిడ మారు మాట్లాడలేదు.

ఇప్పుడు చెప్పుకోవలసింది చాలా ఉంది. కుర్చీకి నోరు లేదు. చప్పట్లు మోగాయి. ఆవిడ లేచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. లేచాక కుర్చీకేసి ఎవరు చూస్తారు.

మనిషి రూపం తిరిగొచ్చాక కౌంటర్ దగ్గరికి వెళ్లాడు. ఫిలోమినా తనిఖీ కాగితం చూస్తోంది.

"ఒక్క కదలిక లేదు, ఒక్క మాట లేదు. ఇంత నిలకడైన సామాను మాకు దొరకదండీ. ముందెక్కడైనా చేశారా?"

"ఇంట్లో. ముప్పై ఒక్క ఏళ్లు."

ఆమె ఆ అంకెను అనుభవం గడిలో రాసుకుంది. వచ్చే వారానికీ కుర్చీగానే సంతకం పెట్టి ఆయన పక్కకి తప్పుకున్నాడు. వెనక వరసలో పదిమంది మొగుళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కడూ పక్కవాడితో మాట్లాడటం లేదు. పనికొచ్చే సామానే అనుకున్నాడు.