కూర్చోలేనివాడిదే మాట

గౌట్ అనే కీళ్ళవాపు రాని మగాడు మా సమోవాలో పైకి రావడం కష్టం. నవ్వకండి. నేను ఇంతవాణ్ణయ్యానంటే అది నా కుడికాలి పుణ్యమే!

అతిథులొస్తే ఊరి తరఫున ఎవరు మాట్లాడాలో మా దగ్గర ముందే తేలదు. వక్తలమంతా చేతికర్రలతో మైదానంలో నిలబడి, ఆ గౌరవం నాదంటే నాదని వాదించుకుంటాం. తగ్గినవాడు కూర్చుంటాడు. చివరిదాకా నిలబడ్డవాడిదే మాట. కూర్చుంటే కాళ్ళు మడిచే కూర్చోవాలి. అతిథుల వైపు కాలు చాపడం కన్నా వాళ్ళని నాలుగు తిట్టడం నయం.

మరి బొటనవేలి నుంచి చీలమండ దాకా వాచి, ఈగ వాలినా ప్రాణం పోయేవాడు కాలెలా మడుస్తాడు? అందుకే నిలబడి ఉంటాడు. మూడేళ్ళు నేను గెలిచింది అలాగే. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, పూర్వీకుల్ని తలుచుకుని కరిగిపోయాడన్నారు. పళ్ళు బిగబట్టి మధ్యలో ఆగితే, ఆహా, ఎంత నిండైన మౌనమో అన్నారు. ఇన్ని లాభాలిచ్చే జబ్బుకి మందు వాడమనే శత్రువు ఎవరికైనా ఉంటాడా?

నాకు ఇంట్లోనే ఉంది. నా భార్య లోసా.

"రోజుకో మాత్ర. నొప్పి ఉన్నా లేకపోయినా," అంది, క్లినిక్ నుంచి తెచ్చిన డబ్బా నా ముందు పెట్టి.

"నొప్పి లేనప్పుడు మందెందుకే?"

"ఇంటికప్పు వాన పడుతుంటే ఎక్కి నేస్తావా?"

వేసుకున్నాను. పదో రోజున వేలు మళ్ళీ భగ్గుమంది. నీ మాత్రే నన్ను చంపుతోందని డబ్బా పెరట్లోకి విసిరేశాను. లోసా కోళ్ళ మధ్య నుంచి ఏరుకొచ్చింది.

"మొదట్లో ఇలా అవుతుందనే, కొన్నాళ్ళు ఈ చిన్న మాత్ర కూడా వేసుకోమంది నర్సు. ఆవిడ చెబుతుంటే నువ్వు గుమ్మంలో ఎవరికో ఉపన్యాసం ఇస్తున్నావు."

ఎనిమిది నెలలైంది. ఒక్క పోటు లేదు. నా కష్టాలు ఏమని చెప్పను! పొయ్యి రాళ్ళు మోస్తున్నాను. టారో దుంపలు తవ్వుతున్నాను. తెల్లవారితే మా అత్తగారి పడవని నీళ్ళలోకి తోస్తున్నాను. కాలు బాగున్న అల్లుడి మీద ఎవరికి జాలి?

అసలు దెబ్బ కొత్త చర్చి ప్రారంభం నాడు తగిలింది. పక్క ఊళ్ళవాళ్ళంతా వచ్చారు. అందరూ కూర్చోగా ఇద్దరం మిగిలాం. నేను, పాతికేళ్ళుగా నాకు పోటీగా నిలబడే ఇయోసెఫో.

"తమ్ముడూ, ఈ గుడికి మొదటి రాయి మోసింది నేను. ఈసారికి నాకు వదిలెయ్," అన్నాడు.

న్యాయమైన మాటే. వెనకటి రోజుల్లో అయితే నా కాలు ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ఏమని కాదనను? మోకాళ్ళు వాటంతటవే మర్యాదగా మడతపడ్డాయి. మూడేళ్ళ తర్వాత మొదటిసారి గడ్డి మీద కూర్చున్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

ఇయోసెఫో అద్భుతంగా మాట్లాడాడు. కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మధ్యలో పళ్ళు బిగబట్టి ఆగాడు. ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు మాత్రం ఆ మౌనం బాగా తెలిసినట్టు అనిపించింది.

అందరూ విందుకి కదిలారు. ఆయన కదల్లేదు. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఏ కాలన్నా?"

"ఎడమది. మెల్లగా మాట్లాడు. తిండిపోతు రోగమని నవ్వుతారు. నిన్ను చూసి నేనూ నవ్వినవాణ్ణే."

"మందు?"

"లేవలేనప్పుడు కొట్లో బిళ్ళ కొనుక్కుంటా. తగ్గగానే మానేస్తా."

నేనూ ఇరవై ఏళ్ళు అదే చేశాను. పంది మాంసం మానెయ్, బీరు మానెయ్, సిగ్గు తెచ్చుకో అని ఊరంతా సలహాలిచ్చింది. ఇది తాతల నుంచి మా రక్తంలో వచ్చిందనీ, రోజుకో మాత్రతో అణుగుతుందనీ ఒక్కరూ చెప్పలేదు. పెళ్ళిళ్ళలో నేను ఆడని ఆటలు, ఎత్తుకోని మనవలు, అన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయాయి.

ఆయనకి నా భుజం ఇచ్చాను. సోమవారం క్లినిక్‌కి తీసుకెళ్తున్నాను. డబ్బా విసిరేస్తే కోళ్ళ మధ్య నుంచి ఏరే పని కూడా నాదే.

ప్రేమ అనుకునేరు. ఆయన కాలు బాగుపడితేనే కదా, వచ్చే సభలో కూర్చునేది!