పద్నాలుగో నంబరు రోగి

మనిషిని మనిషి కళ్లతో గుర్తుపట్టడమనే పాత అలవాటు వల్లే ఈ దేశంలో వైద్యం కుంటుపడిందని 2006 వేసవిలో శరీర చలన దృశ్య పరిశోధనా కేంద్రం తేల్చిపారేసింది. ఆ కేంద్రం కర్నూలు ఊరి చివర, ఆత్మకూరుకు పోయే రోడ్డు పక్కన, ఒక పాత వేరుశనగ గోదాములో వెలసింది. గోదాముకు సున్నం కొట్టి, ఒక వైపు ఆపరేషన్ గది, ఇంకో వైపు కంప్యూటరు గది కట్టి, పైకప్పుకు పదకొండు కెమెరాలు బిగించారు. కెమెరాలు చూస్తాయి. ఎవరు రోగి, ఎవరు డాక్టరు, ఏది కుర్చీ అన్నది కంప్యూటరు తేలుస్తుంది. అది తేల్చిందాన్ని సిబ్బంది నమ్ముతారు. (ఈ చివరి అంచెకు మాత్రం శిక్షణ అక్కర్లేకపోయింది.)

ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చిన శివన్నకు ఈ గొడవేదీ పట్టదు. అతనికి పేగు గజ్జలోకి జారింది. డాక్టర్లు దాన్ని హెర్నియా అన్నారు. దగ్గినా, బరువెత్తినా ప్రాణం జివ్వుమంటోంది. మే నెలలో ఆపరేషన్ అయిపోతే వానలు పడేనాటికి లేచి తిరుగుతాడు. లేకపోతే ఈ ఏడు విత్తనాలప్పుడు గొర్రు పట్టేవాడు లేడు, నాలుగెకరాల చేను బీడు పడుతుంది. అందుకే భార్య సోమక్కను వెంటబెట్టుకుని మొదటి బస్సుకే దిగాడు.

బస్సులో సీటు కోసం కిటికీలోంచి టవాలు వేసే మనిషి ఆసుపత్రిలో మాత్రం ఇంకేం చేస్తాడు? రోగులు పడుకునే బల్ల ఒకటి ఖాళీగా కనబడగానే తన ఎర్రగళ్ల టవాలును పొడుగ్గా పరిచి, ఒక కొసన జొన్నరొట్టెల మూట పెట్టి, గోడవారగా గొంతుక్కూర్చున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

కెమెరాలు చూశాయి. మూట తల అయింది, టవాలు మొండెం అయింది. ఫ్యాను గాలికి టవాలు లేచి పడుతుంటే నిమిషానికి పదహారు శ్వాసలని లెక్క తేలింది. కంప్యూటరు టవాలుకు పద్నాలుగో నంబరిచ్చి, 'రోగి. ఊపిరి సమం. సహకారం అద్భుతం' అని చీటీ కక్కింది. శివన్నను ముందు మడతకుర్చీ అనుకుంది. (దానికి చూపించి నేర్పిన వేల బొమ్మల్లో నిలబడ్డవాళ్లున్నారు, కుర్చీల్లో కూర్చున్నవాళ్లున్నారు, గొంతుక్కూర్చున్న మనిషి ఒక్కడూ లేడట.) బీడీ కోసం అతను లేచి రెండడుగులు వేశాక 'తోడు మనిషి' అని మార్చింది. తప్పు దిద్దుకునే గుణం దానికుందని ఒప్పుకోవాలి.

శివన్న బల్ల ఎక్కి పడుకుందామని టవాలు తీయబోయాడు. గణగణమని గంట మోగింది. కదలికల అధికారి రాఘవేంద్రప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు.

"రోగిని తోడు మనుషులు ఎత్తరాదు! తొమ్మిదో నియమం!"

"రోగి యాడుండాడు సార్? అది నా టవాలు. పేగు జారింది నాకి."

రాఘవేంద్రప్రసాద్ శివన్న వైపు చూడలేదు, కంప్యూటరు తెర వైపు చూశాడు. "మీరు లేరని నేననడం లేదు. రోగిగా లేరు, అంతే."

సోమక్క నడుం మీద చేయి పెట్టింది. "ఏమప్పా, అంత సదువుకున్నోనివి, కండ్లు లేవా నీకి? మా ఆయప్ప యాడ, టవాలు యాడ? పోనీ ఆ రొట్టెలన్నా ఇయ్యి, ఆకలైతాంది."

"తలను వేరు చేయడానికి వీల్లేదమ్మా," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ.

అభ్యంతరాలకూ ఒక పద్ధతి ఉంది. ఒంటి మీద కీళ్ల దగ్గర పదిహేడు తెల్ల బిళ్లలు అంటించుకుని, నేల మీది గీత వెంట ఇరవై అడుగులు నడవాలి. శివన్న నడిచాడు. పేగు జారినవాడు ఎలా నడుస్తాడో అలాగే, ఒక చేత్తో గజ్జ అదిమిపట్టుకుని, ఒక పక్కకు ఒరిగి నడిచాడు. 'మూట మోస్తున్న తోడు మనిషి' అంది కంప్యూటరు. చేయి తీసి తిన్నగా నడవమన్నారు. పళ్లు బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా తిన్నగా నడిచాడు. 'ఇతనికి జబ్బేమీ లేదు' అంది.

ఇక మిగిలింది ఒప్పుదల కాగితం. రోగి నోరు మెదపడం లేదు గనుక దగ్గరివాళ్లు వేలిముద్ర వేయాలి.

"రోగి మీకు ఎన్నాళ్లుగా తెలుసు?" అని అడిగాడు రాఘవేంద్రప్రసాద్.

"మూడేండ్లు సార్. ఆదోని సంతలో కొన్న్యా."

ఆయన కాసేపు ఆలోచించి 'దత్తత' అని రాసుకున్నాడు.

మధ్యాహ్నం టవాలును బల్లతో సహా ఆపరేషన్ గదిలోకి తోశారు. డాక్టర్ హిమబిందు కత్తి పట్టుకునే ముందు కిందికి చూసింది. (ఆ కేంద్రంలో పాత అలవాటు వదలని మనిషి ఆమె ఒక్కతే.)

"ఇదేంది, టవాలు?"

"తెర మీద మాత్రం, మేడమ్..." అని నసిగాడు రాఘవేంద్రప్రసాద్.

"నీ తెర నాకొద్దు. యాడప్పా పేషెంటు?"

తలుపు సందులోంచి శివన్న చేయెత్తాడు. ఆమె అతణ్ని పిలిచి బల్ల ఎక్కించగానే గదిలో దీపాలన్నీ ఆరిపోయాయి. రోగి మీదికి తోడు మనిషి ఎక్కితే దీపాలార్పాలన్నది పన్నెండో నియమం. ఆ చీకట్లోనే హిమబిందు రెండు నిమిషాలు ఆలోచించి, శివన్నను టవాలు కిందికి దూరి పడుకోమంది. రొట్టెల మూట అతని నెత్తి దగ్గర సర్దింది. దీపాలు వెలిగాయి. వీపులో మత్తుసూది వేసి, టవాలును గజ్జ దగ్గర కొంచెం ఎత్తి, పేగును లోపలికి తోసి చక్కగా కుట్టేసింది. శివన్నకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. పొద్దుటి నుంచి తనను చేత్తో తాకి చూసిన మొదటి మనిషి ఆమే.

పద్నాలుగో నంబరు రోగికి ఒక్క చుక్క రక్తం పోకుండా ఆపరేషన్ జరిగిందని కేంద్రం నివేదిక పంపింది. రోగికి రోజూ పాలు, బ్రెడ్డు వచ్చాయి. ఆయన ముట్టుకోకపోవడంతో 'ఆకలి మందగించింది' అని రాసి తిరిగి తీసుకుపోయారు. మూడో నాడు ఇంటికి పంపుతూ చీటీ ఇచ్చారు. రోగి నలభై రోజులు బరువులు మోయరాదు, తడవరాదు, ఎనిమిదో నాడు కుట్లు విప్పించుకోవాలి. తోడు మనిషి రోగిని జాగ్రత్తగా మోసుకుపోవాలి.

ఎనిమిదో నాటికి సోమక్క టవాలు ఉతికి ఆరేసింది. శివన్న ఉత్త చేతులతో కర్నూలు వచ్చాడు.

"రోగి ఎక్కడ?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"దండెం మీద ఆర్తాండాడు సార్."

నియమం నియమమే. డాక్టరమ్మ ఆ రోజు సెలవు. సీటు వేయడానికి టవాలు లేక, శివన్న కుట్ల మీద చేయి పెట్టుకుని ఆలూరు దాకా నిలబడే పోయాడు.

మర్నాడు టవాలుతో బయల్దేరాడు. ఆలూరులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి వేశాడు. మెల్లగా లోపలికెక్కేసరికి లావుపాటి ఆసామి ఒకాయన ఆ సీటు మీదికి వంగి ఉన్నాడు.

"ఏమప్పా, ఈడ మనిషెవురన్నా ఉండాడా?"

"ఉండాడు. ఆపరేషనైనోడు, తగలాకు," అన్నాడు శివన్న.

ఆసామి తప్పుకున్నాడు. శివన్న టవాలును ముడతల్లేకుండా సర్ది, తాను తోడు మనిషి గనుక, కర్నూలు దాకా పక్కనే నిలబడ్డాడు.